పరీక్ష పొద్దున అందని డబ్బా

నా బిడ్డ ఖాళీ కడుపుతో పరీక్ష రాసింది. అన్నం దొరకని ఊళ్లో కాదు, నాందేడ్‌లో. బస్టాండు వెనక సందులో సొంత పెద్దబాపు ఇంట్లో పొయ్యి వెలుగుతుండగా, ఆ గడప దాకా పోయి, ఉత్త చేతులతో వెనక్కి వచ్చి రాసింది.

ఇందులో అబద్ధం లేదు, పెంచి చెప్పిందీ లేదు. ఆ పెద్దబాపు, అంటే మా అన్న, ఇన్నేళ్లలో ఒక్కసారైనా జరగలేదనలేదు. జరగలేదనలేదు గాని జవాబూ చెప్పలేదు. నేను అడగడం మానలేదు, ఆయన నవ్వి తప్పించుకోవడం మానలేదు. పెళ్లి పందిట్లో పక్కపక్కన కూర్చున్నప్పుడు అడిగాను, మమ్మల్ని కన్న మా అవ్వ అస్థికలు గోదావరిలో కలిపి తడిబట్టలతో మెట్లెక్కుతున్నప్పుడు అడిగాను. విన్నవాళ్లు పోనీ అన్నారు, పాత సంగతులన్నారు, పెద్దవాళ్లయ్యారు ఇంక విడిచిపెట్టండి అన్నారు. మనం పెద్దవాళ్లమైతే ఆనాటి ఆకలి చిన్నదవుతుందా?

ఇప్పుడు మళ్లీ ఎందుకు ఎత్తుకున్నానంటే, మొన్న పొద్దున ఉమ్రిలో మా ఇంటి అరుగు మీద పేపరు చదువుకుంటుంటే నాందేడ్ నుంచి అన్న ఫోను చేశాడు. ఆయన మనవరాలు లాతూర్‌లో కాలేజీలో చేరింది, పిల్లకు హాస్టలు తిండి పడడం లేదట, చిక్కిపోయిందట. నా బిడ్డ ఉండేది లాతూర్‌లోనే, సర్కారు కాలువల పనుల మీద ఇంజినీరు. "జర నీ బిడ్డకు చెప్పు తమ్మీ, పొల్లకు ఇంత ముద్ద పెట్టుమను" అన్నాడు అన్న. ఎనభై దాటిన గొంతు. నాకు జాలి కలగాలి. కలగలేదు. "పెడ్తది గని అన్నా, ముందుగాల నాకు జవాబియ్యి. ఆనాడు నా బిడ్డకెందుకు పెట్టకపోతివి?" అన్నాను. అన్న ఫోను పెట్టేశాడు.

మా తండ్రిది ఉమ్రిలో చిన్న కిరాణా దుకాణం. నిజాం కాలపు ఉర్దూ చదువు ఆయనది, తూకం చక్కటిది, నాలుక మాత్రం చేదు. దుకాణంలో తెల్ల పరుపు పరిచి యజమాని కూర్చునే చోటును మా వైపు గాదీ అంటారు. ఆ గాదీ మీద కూర్చొని ఆయన మా ఇద్దరన్నదమ్ములకూ ఒక పాఠం చెప్పేవాడు. ఉద్దెరకు, అంటే అప్పు సరుకు కోసం వచ్చినవాణ్ణి మొదటిసారి వట్టి చేతులతో పంపాలి. "మొదటిసారి అడిగినోనికి నోరుంటది, రెండోసారి అడిగినోనికి అవసరముంటది" అనేవాడు. వచ్చినవాడు మెట్టు దిగి, తల గోక్కుని, మళ్లీ మెట్టెక్కి అడిగితే అప్పుడు మారుమాట లేకుండా కొలిచి పోసేవాడు. ఇది ఆయనకు కఠినత్వం కాదు, పద్ధతి. అన్న ఆ పద్ధతిని గాదీతో పాటు తీసుకున్నాడు, నాందేడ్ మోంఢాలో, అంటే అక్కడి ధాన్యపు మార్కెట్టులో, టోకు వ్యాపారం పెట్టి పెద్దవాడయ్యాడు. బస్టాండు వెనక సందులోనే కింద దుకాణం, పైన ఇల్లు.

నేను నాలుగో తరగతిలోనే బడి మానినవాణ్ణి. నా వంతుకు వచ్చింది బట్టల మూట. ఈ వారం ఈ ఊరి అంగడి, మరునాడు ఇంకో ఊరి అంగడి, మూట దించడం, బట్ట తాను విప్పడం, గజంకర్రతో కొలిచి చించడం. మూటల మీద చుట్టి వచ్చే పాత పేపర్లు చూసి తెలుగు అక్షరాలు కూడబలుక్కున్నాను, బస్సుల మీది ఊళ్ల పేర్లు చదివి మరాఠీ గట్టిచేసుకున్నాను. ఎవరూ నేర్పలేదు, అందుకే ఎవరూ నన్ను మరిపించలేకపోయారు. తండ్రి చెప్పిన పద్ధతి మాత్రం అంగడిలో నాకు పనికిరాలేదు. అంగడిలో రెండోసారి అడిగేవాడుండడు. లేదంటే పక్క మూట దగ్గరికి పోతాడు, అంతే.

నా బిడ్డ పదో తరగతి పాసైన ఎండాకాలం, నాతో పాటు బట్ట తాను మడతపెడుతూ, "బాపూ, నేను నాందేడ్ల ఇంజినీరింగ్ డిప్లొమా చదువుత" అంది. సరే చూద్దామన్నాను. ఆ తరవాత నెలంతా ఆ మాటే లేదు. పిల్ల మరిచిపోయిందనుకుని నేను నా అంగళ్లు నేను తిరుగుతుంటే, ఒకనాడు అన్నం వడ్డిస్తూ నా భార్య గిన్నె టక్కున కింద పెట్టింది. "దాని నోట్లకెల్లి ఒక్కపారే అస్తది మాట. మీ అవ్వ బుద్ధే దానిది. ఇంకొకపారి అడుగుతదని కూసుంటే ముసలిదైతది నీ బిడ్డ" అంది. నిజమే, మా అవ్వ కూడా ఏదీ రెండోసారి అడిగి ఎరగదు. నేను మరునాడే పిల్లను వెంటబెట్టుకొని నాందేడ్ బస్సెక్కాను.

సీటు దొరికింది. గొడవ అక్కడ మొదలైంది. మా తండ్రి పోయాక ఇంటికి పెద్ద అన్నే గనక ఆయన మాట దాటే అలవాటు మాకు లేదు. పిల్ల తన ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చన్నాడు, సంతోషించాం. అయితే వదినె తమ్ముడి కొడుకుకు ఇవ్వడానికి ఇప్పుడే ఒప్పుకోవాలి, లగ్గం కుదిరేదాకే చదువు అన్నాడు. అబ్బాయి మంచివాడే, కాదనను. నా బిడ్డ గడప దగ్గర నిలబడి, వద్దు పెద్దబాపూ అంది. ఒక్కసారే. అన్న మొహం గంటు పెట్టుకున్నాడు. పదేపదే బతిమాలించుకున్న మనిషికి, పదహారేళ్ల పిల్ల ఒక్క మాటలో వద్దంటే ఎట్లా ఉంటుందో నేనూహించగలను. ఊహించగలను గాని ఒప్పుకోను.

ఆ తరవాత ఉమ్రిలో మా ఇంట్లో పంచాయతీ. అన్న, వదినె, నేను, నా భార్య, మధ్యలో నులక మంచం మీద మా అవ్వ. అన్న ఒక గడువు పెట్టాడు. "ఒక్క పరీక్ష. ఏమంటరు దాన్ని, సెమిస్టరా? అండ్ల అన్నీ పాసైందా, చదువుకోనియ్యి, నేనడ్డం రాను. ఒక్కటి పోయిందా, మల్ల మాట లేకుంట తోలుకరా. మా బామ్మర్ది కొడుకు ఉండనే ఉన్నడు" అన్నాడు. సెమిస్టర్ అనే మాట మా ఉమ్రిలో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆరు నెలలకే పరీక్ష అని నేను చెబితే మా అవ్వ నోరు నొక్కుకుంది. "ఆర్నెల్లకేనా? కందిచేను గూడ చేతికి రాదు గదర!" అంది. అంతలోనే పెద్దకొడుకు వైపు తిరిగి, "మరి పొల్ల పాసైతే నువ్వు నోరు మూసుకుంటవా పెద్దోడా?" అని నిలదీసింది. అందరం నవ్వాం. అన్న కూడా నవ్వాడు, కాని గడువు గడువే. నా బిడ్డ బతుకంతా ఆ ఒక్క సెమిస్టర్ మీద నిలబడింది.

అన్న ఇంట్లో ఉండనన్నాక, కాలేజీ హాస్టలులో సీటు లేక, ఊరి ఒక మూల ఒక మరాఠీ ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాం. ఆవిణ్ణి అందరూ మావ్‌శీ అనేవాళ్లు, అంటే చిన్నమ్మ. గదిలో నా బిడ్డతో పాటు ఇంకో అమ్మాయి. వంట చేసుకునే వీలు లేదు. అన్నం మా ఇంటినుంచే పోవాలి.

మన వయసువాళ్లకు, మా మరాఠ్వాడా వైపు బతికినవాళ్లకు, ఇది చెప్పనక్కర లేదు. సర్కారు బస్సును మేం ఎస్టీ అంటాం. పొద్దున మొదటి ఎస్టీ ఊళ్లోంచి బయలుదేరేటప్పుడు, పట్నంలో చదువుకునే పిల్లలున్న ఇళ్లనుంచి తల్లులు గుడ్డలో కట్టిన డబ్బాలు తెచ్చి డ్రైవరు చేతికిచ్చేవాళ్లు. ఆయన తన సీటు పక్కన, ఇంజను మూత చుట్టూ వాటిని సర్దేవాడు. ఆ వేడికి జొన్నరొట్టె నాందేడ్ చేరేదాకా మెత్తగా ఉండేది. బస్టాండులో క్యాంటీను పక్కన ఒక స్తంభం, దాని చుట్టూ అరుగు. డబ్బాలన్నీ అక్కడ దించేవాళ్లు. పిల్లలు వచ్చి తమ తమ గుడ్డలు గుర్తుపట్టి తీసుకుపోయేవాళ్లు. రసీదు లేదు, కాపలా లేదు. సాయంత్రం ఖాళీ డబ్బాలు అదే అరుగు మీదికి చేరేవి, తిరుగు బస్సులో ఊరికొచ్చేవి. ఒక తల్లి డబ్బాను ఇంకొకరు దొంగిలించారన్న మాట నేను వినలేదు.

మా డ్రైవరు సాయిబు పొడుగాటి మనిషి, మా సందు మొగదాకా బస్సు తెచ్చి హారను కొట్టేవాడు. "భాభీ, డబ్బా లావో, నహీఁ తో తుమ్హారీ బేటీ కా ఖానా మైఁ ఖా జాతూఁ!" అని, అంటే డబ్బా తేకపోతే నీ బిడ్డ అన్నం నేనే తినేస్తానని, అరిచేవాడు. నా భార్య ముసుగు సర్దుకుంటూ పరుగెత్తేది. డబ్బాలో జొన్నరొట్టెలు, పుంటికూర అనే గోంగూర పప్పు, పల్లీల పొడి, ఒక్కోనాడు పెరుగన్నం. మా అవ్వ పొయ్యి దగ్గర కూర్చొని రొట్టెలు కొట్టేది, నా భార్య కాల్చేది, ఇద్దరి మధ్య మాటల్లేవు, ఆ వేళ అత్తాకోడళ్ల తగువులన్నీ డబ్బా వెళ్లేదాకా వాయిదా. నేను కిరసనాయిలు దీపం పట్టుకు నిలబడేవాణ్ణి, కరెంటుకు నమ్మకం లేదు కదా. ఇంట్లో ఒక పిల్ల చదువుతుంటే ఇల్లంతా చదువుతున్నట్టుండేది.

మా ఇళ్లల్లో ఒకరు పంపిన గిన్నె ఖాళీగా తిప్పి పంపరు. నా బిడ్డ ఆ ఆచారం బస్సు డబ్బాకూ పాటించింది. సాయంత్రం డబ్బా మూత తీస్తే అందులో ఏదో ఒకటి ఉండేది. మావ్‌శీ పెరట్లోని నిమ్మకాయ, ఒకనాడు గుప్పెడు రేగుపళ్లు, చేతిలో ఏమీ లేనినాడు చెక్కి చెక్కి బొటనవేలంత మిగిలిన పెన్సిలు. మా అవ్వ ఆ పెన్సిలును దేవుడి గూట్లో పెట్టింది. పిల్ల బాగుందని ఆ డబ్బా వల్లే తెలిసేది మాకు.

ఆ డబ్బాకు కట్టే గుడ్డ నా భార్య పాత చీర అంచు, ఆకుపచ్చది. దూరంనుంచే తెలిసిపోయేది. దివాలీ ముందు నేను ఒక కొత్త తాను తెచ్చాను, ఎర్రటి నేల మీద పసుప్పచ్చ పూలు. అది ఎంత నచ్చిందంటే ఉమ్రిలో సగం ఇళ్లు దాన్నే కొనుక్కున్నాయి. పండుగనాడు వీధిలోకి చూస్తే నా తానే నడుస్తున్నట్టుండేది. ఆ తాను చివర గజం ముక్క మిగిలింది. దివాలీ వెళ్లాక పరీక్షలొచ్చాయి. అన్నిటిలోకి గట్టిది డ్రాయింగు, గంటల తరబడి వంగి గీతలు గియ్యాలి. ఆ పరీక్ష పొద్దున నా భార్య, మంచిపనికి పోయే పిల్లకు పాత గుడ్డ ఏంది అనుకుని, ఆ కొత్త ముక్కకు నాలుగు మూలలా పసుపు రాసి డబ్బా కట్టింది. శుభమనే కట్టింది. ఆ ఇల్లాలిని ఇందులో ఎవరూ వేలెత్తి చూపనవసరం లేదు, చూపితే ఆ వేలు నేను విరుస్తాను.

ఆ పొద్దున నాందేడ్ అరుగు మీద పూలగుడ్డ డబ్బాలు ఒకటికి మించి దిగాయి. ఉమ్రినుంచి చదువుకునే వేరే పిల్లగాడెవరో గుడ్డ చూసి మా డబ్బా ఎత్తుకుపోయాడు. నా బిడ్డ వచ్చేసరికి అరుగు మీద పూలగుడ్డ డబ్బా ఒక్కటే మిగిలింది. మూత తీసి చూసింది. ఇత్తడి డబ్బా, లోపల రొట్టెలు, ఎండుచేపల కూర, మాది కాదు. కావాలంటే కూర పక్కన పెట్టి రొట్టె తినవచ్చు. కాని ఎవరో తల్లి ఎవరో బిడ్డకు పంపింది. మళ్లీ ముడి బిగించి, ఉన్నచోటే పెట్టింది. వాడు తిరిగొస్తే వాడికుంటుందని.

గదికి తిరిగి పోయి లాభం లేదు. మావ్‌శీ కార్తిక ఏకాదశికి పండరిపురం పోయింది, గదిలోని అమ్మాయి పరీక్షలు ముగించుకొని ఊరెళ్లింది. బస్టాండు హోటల్లోకి ఆడపిల్ల ఒంటరిగా పోయి కూర్చొని తినే రోజులు కావవి. పరీక్షకు కొంచెమే సమయముంది. వెనక సందులోనే పెద్దబాపు ఇల్లు. అక్కడికి పోయింది.

అక్కడ జరిగింది నాకు చెప్పింది నా బిడ్డ కాదు, మా వదినె. అన్న గాదీ మీద ఉన్నాడు, ముందు ఇద్దరు ముగ్గురు గిరాకీలున్నారు. పిల్ల మెట్టు మీద నిలబడి, "పెద్దబాపూ, ఇయ్యాల నా డబ్బా అందలే. పరీక్షున్నది, జర ఇంత తిని పోత" అంది. అన్న లెక్క ఆపకుండానే, "ఈ ఇంటి మాట పడనోళ్లకు ఈ ఇంటి ముద్ద ఎట్ల పడ్తదమ్మా? కాలేజీ పెట్టదా?" అన్నాడు. గిరాకీలు నవ్వారు. నా బిడ్డ, "సరె పెద్దబాపూ" అని మెట్టు దిగింది. మేడమెట్ల మీద నిలబడి ఈ మాటలు విన్న వదినె లోపలికి ఉరికి, పళ్లెంలో అన్నం పెట్టుకొని కిందికి వచ్చేసరికి సందులో ఎవరూ లేరు.

సాయంత్రం తిరుగు బస్సులో మా డబ్బా రాలేదు. ఇంట్లో ఫోన్లు లేని కాలం. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ తినలేదు. మరునాడు మొదటి ఎస్టీలో నేనే డబ్బా ఒళ్లో పెట్టుకొని పోయాను. బిడ్డ గదిలో పుస్తకం ముందు కూర్చొని ఉంది. డబ్బా మారిందని మాత్రం చెప్పింది, ఆ ఇత్తడి డబ్బా సంగతి చెప్పింది, పెద్దబాపు సంగతి చెప్పలేదు. చెయ్యి వణికిందా అంటే, ఎడమచేత్తో మణికట్టు పట్టుకొని గీసిన, గీతలు లావైనయి బాపూ అంది. ఇంత దగ్గర పెట్టుకొని పెద్దబాపు ఇంటికి పోవద్దా అన్నాను. అప్పుడు మొహం తిప్పుకుంది. నాకు అనుమానమొచ్చి నేరుగా అన్న ఇంటికి పోయాను. వెనక తలుపు దగ్గర వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంతా చెప్పింది.

ముందు గుమ్మానికి వచ్చాను. గాదీ ముందు నిలబడి, ఒకేలాంటి గుడ్డల వల్ల డబ్బా మారిన సంగతి చెప్పి, నలుగురూ వింటుండగా అడిగాను. ఎందుకు పెట్టలేదు? పరీక్ష పోవాలనా? గడువు గెలవాలనా? అన్న కళ్లద్దాలు సర్దుకున్నాడు. "నీ తాను తిన్నది తమ్మీ, నీ బిడ్డ అన్నం. దివాలీకి ఊరంత ఒక్కటే గుడ్డ కడితివి. ఇగ నన్నంటవేంది?" అన్నాడు. లెక్కలు రాసే మునీము నవ్వాడు, హమాలీలు నవ్వారు. నేను మెట్టు దిగాను. ఆ నవ్వు అన్నకు అంత పనికొచ్చింది గనక, ఆ తరవాత నేనెప్పుడడిగినా అదే జవాబు. పెళ్లిలోనూ తానే తిన్నది, చావులోనూ తానే తిన్నది.

ఫలితాలొచ్చిననాడు మాకు తెలిసింది మళ్లీ డబ్బాతోనే. సాయంత్రం ఎస్టీ దిగిన డబ్బా బరువుగా ఉందని నా భార్య అక్కడే, సందు మధ్యలోనే మూత తీసింది. లోపల పాలకోవా పేడాలు. మా అవ్వ గూట్లో పెన్సిలుకు దండం పెట్టి మొదటిది డ్రైవరు సాయిబు నోట్లో పెట్టింది. అన్నీ పాసైంది. డ్రాయింగులో బొటాబొటి. బొటాబొటి అయితే ఏంది, గడువులో ఎన్ని మార్కులో రాసి లేదు. మరునాడు నేను పేడాలు తీసుకొని మోంఢాకు పోయి అన్న చేతిలో పెట్టాను. ఆయన అడగలేదు, నేనే పెట్టాను. తిన్నాడు. మాట ప్రకారం పెళ్లి సంగతి మళ్లీ ఎత్తలేదు, ఆ మటుకు ఆయన మాట మీద నిలబడ్డాడని ఒప్పుకోవాలి. ఏళ్ల తరవాత నా బిడ్డ తనకు నచ్చినవాణ్ణి చేసుకున్నప్పుడు ముందు పంక్తిలో కూర్చొని, బూరెలు ఇంకోసారి తెప్పించుకొని మరీ తిన్నాడు.

ఇదీ కథ. ఇంతకూ మొన్న ఫోను పెట్టేశాడన్నాను గదా. నేను వెంటనే లాతూర్‌కు ఫోను కలిపాను. పెద్దబాపు మనవరాలు నీ గడప తొక్కితే నన్నడగకుండా ఏమీ చెయ్యొద్దని గట్టిగా చెప్పబోయాను. బిడ్డ నన్ను సాంతం చెప్పనివ్వలేదు. "ఆ పొల్ల నిన్ననే అచ్చింది బాపూ. మొహం జూస్తెనే ఆకలి తెలుస్తలేదా? పుంటికూరతోని నాలుగు రొట్టెలు తిన్నది, డబ్బా గట్టి గూడ ఇచ్చిన. నీ కొట్లాట నువ్వు కొట్లాడుకో, నా పొయ్యి కాడికి తేకు" అంది. పక్కనుంచి నా భార్య, అంతా విని, "ఇగ దేనితోని బేరం జేస్తవు?" అని పకపకా నవ్వింది.

నిజమే, నా చేతిలో ఇక బేరానికేమీ మిగలలేదు. రెండు రోజులు ఊరుకున్నాను. ఏమీ తోచక ఉమ్రి బస్టాండు దాకా నడిచాను. మొదటి ఎస్టీ ఇప్పటికీ పోతుంది, డ్రైవరు పక్కన ఎవరి డబ్బాలూ లేవు. నాందేడ్‌లో ఆ స్తంభం, ఆ అరుగు చూసి చాలా కాలమైంది, అక్కడ డబ్బా పెట్టి పోతే ఇప్పుడు సంచిలో ఏముందోనని పోలీసుల్ని పిలుస్తారేమో. పిల్లలు ఫోను మీద వేలు పెడితే అన్నం గది తలుపు దాకా వస్తోంది. మంచిదే, ఏ ఆడపిల్లా ఏ గాదీ ముందూ నిలబడి అడగనవసరం లేదు. కాని ఆ ఇంజను వేడికి మెత్తబడ్డ రొట్టె, తిరిగొచ్చిన డబ్బాలో గలగలలాడిన పెన్సిలు ముక్క, వాటిని ఏ తలుపు దాకా ఎవరు తెచ్చిస్తారు? మనం అన్నాన్ని బస్సుకప్పగించి నిద్రపోయినవాళ్లం. కుటుంబమంటే మనకు అంత దూరం పరుచుకున్న పొయ్యి.

ఇంటికొచ్చి నేనే అన్నకు ఫోను చేశాను. నీ మనవరాలు నా బిడ్డ ఇంట్లో తింటున్నది, ఇక ముందూ తింటుంది, దానికీ దీనికీ ముడి లేదు, బేరం లేదు అన్నాను. అయినా నేనడుగుతున్నాను, నువ్వూ నేనూ ఉండగానే అడుగుతున్నాను, ఆనాడు ఎందుకు పెట్టలేదు? పరీక్ష పోవాలనేనా? ఆ బట్ట తాను మాట ఎత్తితే మాత్రం ఈ జన్మకు ఇదే ఆఖరి ఫోను అన్నాను.

అన్న ఆ తాను మాట ఎత్తలేదు. ఇట్లా అన్నాడు:

"పరీక్ష పోవాలని కాదు తమ్మీ, అవ్వ తోడు. రెండోపారి అడిగితే పెడదామనుకున్న. సరె పెద్దబాపూ అని మెట్టు దిగింది. మల్ల ఎక్కుతదని మెట్టు దిక్కే సూసుకుంట కూసున్న. నీ బిడ్డ మల్ల అడగకపాయె."